మిషనమ్మ కోడలు బస్సు డ్రైవరు

కోడలి సంగతి ఎత్తితే చాలు, మిషనమ్మ చేతిలో పని పక్కన పడేస్తుంది. "మా కోడలు సిటీ బస్సు నడుపుతుంది" అని మొదలుపెట్టిందంటే, వినేవాళ్లు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడినా వదలదు.

మిషనమ్మ అన్నది వీధి పెట్టిన పేరు. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషన్ వేసుకుని, స్కూలు యూనిఫాంల దగ్గర్నుంచి ఆసుపత్రి కర్టెన్ల దాకా అన్నీ కుడుతుంది. కొడుకు పసివాడిగా ఉండగానే భర్త పోయాడు. ఆ మిషన్ మీదే ఒక్కగానొక్క కొడుకుని పెంచి పెద్ద చేసింది. అతను కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసే పనిలో కుదురుకున్నాక, ఒక ఆదివారం పొద్దున తల్లి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"అమ్మా, నేనో అమ్మాయిని చూసుకున్నాను. బస్సు డ్రైవరు."

"డ్రైవరు కూతురా?"

"కూతురు కాదమ్మా. డ్రైవరే."

కుట్టుమిషన్ తొక్కుతున్న మిషనమ్మ కాలు ఆగిపోయింది. మర్నాడు కొడుకు పనికి వెళ్లగానే మంచి చీర కట్టుకుని, చేతిసంచీ పట్టుకుని, ఏ రూటో కనుక్కుని ఆ బస్సెక్కింది. డ్రైవరు కనిపించేలా ముందు సీట్లో కూర్చుని, తాను ఎవరికీ తెలియననుకుని, గద్దలా చూడటం మొదలుపెట్టింది.

పిల్ల బక్కపలచగా ఉంది. కానీ స్టీరింగు మీద చేతులు చూస్తే బక్కపలచని మనిషివి కావు. ఒక స్టాపులో ఊతకర్రతో ఓ పెద్దాయన ఎక్కాడు. వెనకాల కార్లవాళ్లు చెవులు చిల్లులు పడేలా హారన్లు కొడుతున్నారు. ఆ పిల్ల అద్దంలో చూస్తూ, "తాతగారూ, నిదానంగా కూర్చోండి. మీరు కూర్చున్నాకే కదులుతాను" అంది. కూర్చున్నాకే కదిలింది. ఇంకోచోట స్కూటరువాడు అడ్డంగా దూసుకొస్తే నోరు చేసుకోలేదు, బ్రేకు ఒక్కసారిగా తొక్కలేదు. నిలబడ్డవాళ్లు ఒక్కరూ తూలకుండా బండిని వెన్నలా ఆపింది.

మిషనమ్మ ఆఖరి స్టాపు దాకా వెళ్లి, అదే బస్సులో వెనక్కి వచ్చింది. దిగబోతుంటే డ్రైవరు పిల్ల తల తిప్పి నవ్వింది.

"జాగ్రత్తగా దిగండి అత్తయ్యా. మీ అబ్బాయి ముక్కు అచ్చం మీదే. రెండో స్టాపులోనే పోల్చుకున్నాను."

అంతే, మిషనమ్మ ఆ పిల్లకి పడిపోయింది. "దానికి కళ్లు ముందూ ఉన్నాయి, వెనకా ఉన్నాయి. నీలాంటి వాడికి అలాంటిదే కావాలి" అని సాయంత్రం కొడుకుతో అనేసింది. పెళ్లి రిజిస్టరాఫీసులో జరిగింది. పెళ్లికూతురి యూనిఫాం చొక్కా భుజాల దగ్గర లూజుగా ఉందని పెళ్లయిన వారంలోనే అత్తగారు కుట్లు విప్పి కొలతకి సరిగ్గా బిగించింది. ఆ తర్వాత డిపోలో అంత నీటైన యూనిఫాం ఇంకెవరికీ లేదు.

కోడలు ఇంట్లోకి వచ్చిన మొదటి నెలలోనే మిషనమ్మ ఒక సంగతి పసిగట్టింది. నెలకోసారి ఆ పిల్ల మొహం పాలిపోతుంది. వంటగది గట్టు పట్టుకుని వంగిపోతుంది. వేడినీళ్ల బ్యాగు పొత్తికడుపుకి అదిమిపెట్టుకుని, మాత్ర మింగి, పంటి బిగువున డ్యూటీకి వెళుతుంది. వచ్చాక మంచం మీద ముడుచుకుని పడుకుంటుంది.

"ఏంటమ్మాయ్ ఇది? ప్రతి నెలా ఇంతేనా?"

"పెద్దమనిషినైనప్పట్నుంచీ ఇంతే అత్తయ్యా. మా అమ్మ అందరికీ ఉండేదే అంది. వీధిచివర డాక్టరూ అదే అన్నాడు. పిల్లలు పుడితే తగ్గుతుందన్నాడు."

"నాకు ఇలా ఉండేది కాదే!"

"మీరు గట్టివాళ్లు" అని నవ్వేసేది కోడలు.

పిల్లలు పుడితే తగ్గుతుందన్నారు గానీ పిల్లలే పుట్టలేదు. ఏడాది, రెండేళ్లు, నాలుగేళ్లు గడిచాయి. కొడుకూ కోడలూ పైకేమీ అనుకునేవాళ్లు కాదు. కానీ కొడుకు పసిపిల్లల గౌన్లు కుట్టే గుడ్డవైపు చూడటం మానేశాడని మిషనమ్మ గమనించింది. ఆమెకీ లోపల గుబులుగానే ఉండేది. అయితే ఆ గుబులు ఇంకొకరి నోట విన్నప్పుడు మాత్రం ఒంటికాలి మీద లేచేది.

మేడమీదావిడ ఒకరోజు జాకెట్టు లూజు చేయించుకోవడానికి వచ్చి, గొంతు తగ్గించి మొదలుపెట్టింది. "ఏమనుకోకు గానీ, బస్సు కుదుపులకి కడుపు నిలుస్తుందా ఎక్కడైనా? ఆ ఉద్యోగం మాన్పించు. లేకపోతే నీ వంశం ఆ గేరురాడ్డు దగ్గరే ఆగిపోతుంది."

మిషనమ్మ జాకెట్టు మడతపెట్టి ఆవిడ చేతిలో పెట్టింది. "ఆ బస్సులో రోజూ కడుపుతో ఉన్నవాళ్లు ఎంతమంది ఎక్కి దిగుతున్నారో తెలుసా? వాళ్లందరికీ నిలిచిన కడుపు దీనికే జారిపోతుందా? నీ జాకెట్టు లూజు చేయడం నావల్ల కాదు. నీ నోరే లూజుగా ఉంది, ముందు అది బిగించుకో."

ఆ సంగతి కోడలికి ఎలా తెలిసిందో ఏమో, ఆ సాయంత్రం అత్తగారి కాళ్ల దగ్గర కూర్చుని, అడక్కుండానే ఆవిడ మోకాళ్లకి మందు రాసింది.

తర్వాతి సంవత్సరం వానాకాలంలో జరిగింది అసలు సంగతి. మిషనమ్మ దాన్ని కళ్లారా చూడలేదు. కోడలితో పాటు డ్యూటీ చేసే కండక్టరమ్మాయి చెబితే వింది. కానీ మిషనమ్మ చెప్పేటప్పుడు వింటే, పక్క సీట్లో కూర్చుని చూసిందనే అనుకుంటారు.

బస్సు కిక్కిరిసి ఉంది. పొద్దున్న ఆఫీసుల వేళ. ఫ్లైఓవరు దిగుతుండగా కోడలికి పొత్తికడుపులో కత్తి పెట్టి తిప్పినట్టయింది. ఎప్పుడూ వచ్చే నొప్పి కాదు. కళ్ల ముందు చీకట్లు కమ్ముతున్నాయి. ఆ పిల్ల అరవలేదు. ఇండికేటరు వేసింది. ఎడంపక్క లైనులోకి బండిని తెచ్చి, పేవ్‌మెంటు పక్కన మెల్లగా ఆపింది. న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఇంజన్ ఆపి, ప్రమాదం లైట్లు వేసి, తలుపులు తెరిచింది. "చెల్లీ, అందర్నీ దింపి వెనక బస్సు ఎక్కించు" అంది. ఆ మాట పూర్తయ్యాకే స్టీరింగు మీదకి ఒరిగిపోయింది.

"ఒక్కరికీ గీత పడలేదు పెద్దమ్మా, ఒక్కరికీ!" అని ఆసుపత్రి వరండాలో ఏడుస్తూ చెప్పింది కండక్టరమ్మాయి. "నేను టిక్కెట్లు కొడుతున్నాను. అక్క పడిపోయేదాకా నాకే తెలియలేదు."

లోపల కూతురులాంటి పిల్ల ఎలా ఉందో తెలియదు. అయినా మిషనమ్మ వెన్ను నిటారుగా అయింది. ఆ క్షణంలో తనకి గర్వం ఎలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేకపోతుంది గానీ, వచ్చిందని మాత్రం ఒప్పుకుంటుంది.

స్కానింగులు, పరీక్షలు అయ్యాక ఆడవాళ్ల వార్డు పెద్ద డాక్టరమ్మ కోడల్నీ కొడుకునీ మిషనమ్మనీ కూర్చోబెట్టింది. ఓ తెల్లకాగితం మీద గర్భసంచి బొమ్మ గీసింది.

"దీన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిదే బయట కూడా పెరుగుతుంది. ఇక్కడ, ఇదిగో ఇక్కడ. నెలసరి వచ్చినప్పుడు అదీ ఉబ్బుతుంది, దానికీ నెత్తురు కారుతుంది. కానీ ఆ నెత్తురు బయటికి పోవడానికి దారి లేదు. లోపలే ఉండిపోయి పుండులా రగులుతుంది, అవయవాల్ని ఒకదానికొకటి అంటిస్తుంది. మీ అమ్మాయికి రెండు అండాశయాల్లోనూ తిత్తులు కట్టాయి. ఒకటి పగిలింది. ఆపరేషన్ చేయాలి. ఇన్నేళ్లూ ఆ నొప్పితో బస్సెలా నడిపిందో నాకు అర్థం కావట్లేదు."

కోడలు మొదటిసారి కన్నీళ్లు పెట్టుకుంది. "అయితే... ఇది అందరికీ ఉండేది కాదా డాక్టరుగారూ?"

"కాదమ్మా. ఇది జబ్బు. నీ తప్పు కాదు, నీ ఓపిక తక్కువా కాదు."

మిషనమ్మ ఉండబట్టలేకపోయింది. "డాక్టరమ్మా, ఈ ఎండామట్టీ జబ్బు ఆపరేషన్‌తో పోతే, మా పిల్లకి పిల్లలు పుడతారా?"

"అమ్మా!" అన్నాడు కొడుకు.

"అడగనీయండి" అంది డాక్టరమ్మ. "దాచకుండా చెబుతాను. అతుకులు విడదీసి తిత్తులు తీస్తే నొప్పి బాగా తగ్గొచ్చు. నెల తప్పే అవకాశం కూడా పెరుగుతుంది. ఆపరేషన్ తర్వాత చాలామందికి మామూలుగానే నిలుస్తుంది. కొందరికి మా సాయం కావాలి. కొందరికి సాయం చేసినా నిలవదు. ఇంకో మాట. తిత్తి తీసేటప్పుడు దాంతో పాటు కొన్ని అండాలూ పోవచ్చు. అందుకే వీలైనంత జాగ్రత్తగా, ఆచితూచి చేస్తాం. ఇది మళ్లీ వచ్చే జబ్బు కూడా. తప్పకుండా పిల్లలు పుడతారని హామీ ఇచ్చే డాక్టరు ఎవరైనా తగిలితే, ఆవిడ దగ్గరికి వెళ్లకండి."

మిషనమ్మకి ఆ డాక్టరమ్మ తెగ నచ్చింది. గుడ్డ చాలకపోతే చాలదని ముందే చెప్పే టైలరులా ఉందనుకుంది.

ఆపరేషన్ చాలాసేపు పట్టింది. పెద్ద కోత లేదు, బొడ్డు దగ్గరా పొట్ట పక్కలా చిన్న చిన్న గాట్లు పెట్టి, కెమెరా గొట్టంతో చేశారు. గర్భనాళాలు తెరుచుకునే ఉన్నాయని, అది మంచి కబురని బయటికొచ్చి చెప్పారు. కట్టు మార్చేటప్పుడు మిషనమ్మ కళ్లద్దాలు సవరించుకుని, వంగి, ఆ కుట్లని పరీక్షగా చూసింది.

"ఎలా ఉందత్తయ్యా పనితనం?" అంది కోడలు నీరసంగా.

"పర్లేదు. దారం కనబడకుండా లాగింది. మన దగ్గర చేర్చుకోవచ్చు."

కోడలు నవ్వబోయి, కుట్లు లాగి, "నవ్వించకండి తల్లీ" అని పొట్ట పట్టుకుంది.

ఇంటికొచ్చాక వచ్చిన మొదటి నెలసరి రోజు మిషనమ్మకి బాగా గుర్తు. ఆరోజు వేడినీళ్ల బ్యాగు, మాత్రలు, అన్నీ సిద్ధం చేసి కూర్చుంది. కోడలు బాత్రూంలోంచి బయటికొచ్చి, గోడకి ఆనుకుని నిలబడి, ఒకటే నవ్వు. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి.

"ఏమైందమ్మాయ్? నొప్పా?"

"కాస్త నడుం లాగుతోంది అత్తయ్యా. అంతే! ఇంతేనా? మిగతా ఆడవాళ్లందరికీ ఇంతేనా ఉండేది? ఇంత హాయిగా ఉంటారా వీళ్లంతా?"

ఆ నవ్వు చూశాక మిషనమ్మ మనసులో ఏదో సర్దుకుంది. మనవడో మనవరాలో వస్తే మహాభాగ్యం. రాకపోయినా, ఈ ఆపరేషన్ దండగ కాదు. అది ఆరోజే తేల్చేసుకుంది.

డాక్టరమ్మ ఆరు నెలలు మామూలుగా ప్రయత్నించమంది. తర్వాత కాలయాపన చేయొద్దంది. ఆ ఆరు నెలలూ మిషనమ్మ నోటికి కుట్లు వేసుకుంది. అడగాలని నాలుక చివరిదాకా వచ్చేది. కొడుకూ కోడలూ పొద్దున్నే మొహాలు వేలాడేసుకుని టిఫిన్‌కి కూర్చుంటే తనకే తెలిసిపోయేది. ఆరోజు ఇంకో రెండు చెంచాల పంచదార ఎక్కువేసి కాఫీ ఇచ్చేది, అంతే.

ఆరు నెలలూ గడిచాయి. నిలవలేదు. అండాల నిల్వ తక్కువగా ఉందని, ఐవీఎఫ్ పద్ధతి చూద్దామని డాక్టరమ్మ అంది. అంటే అండాల్ని బయటికి తీసి, ల్యాబులో పిండం చేసి, మళ్లీ గర్భసంచిలో పెడతారన్నమాట.

"మిషన్లలో పిల్లలా?" అని మేడమీదావిడ మెట్లమీదనుంచే మూతి విరిచింది.

"మా ఇంట్లో అన్నీ మిషన్ల మీదే అయ్యాయి వదినా. ఒకరు కుట్టుమిషన్, ఒకరు బస్సు, ఒకరు అద్దాల మిషన్. దీనికేం కొత్త?" అంది మిషనమ్మ.

కోడలు మాత్రం భర్తనీ అత్తగారినీ కూర్చోబెట్టి సూటిగా చెప్పింది. "రెండుసార్లు చేయించుకుంటాను. మూడోసారి అడగొద్దు. నా ఒళ్లు నాకూ కావాలి. నిలవకపోతే ఈ ఇంట్లో ఎవరూ నన్ను జాలిగా చూడకూడదు. చూస్తే డిపోలో మంచం వేసుకుంటాను."

కొడుకు ఆమె చెయ్యి పట్టుకుని తలూపాడు. మిషనమ్మ, "నేనెందుకు జాలిపడతాను? నీకు భయపడతాను గానీ" అంది.

అండాలు ఎదగడానికి రోజూ సాయంత్రం అదే వేళకి పొట్టలో ఇంజెక్షన్ పడాలి. ఆ వేళకి ఒక్కోసారి కోడలు డ్యూటీలో ఉండేది. కండక్టరమ్మాయి ఐసుగడ్డల ఫ్లాస్కులో మందు పెట్టుకుని తిరిగేది. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య డిపో విశ్రాంతిగదిలో కోడలు చొక్కా పైకెత్తి తనే గుచ్చుకుని, చొక్కా సర్దుకుని, మళ్లీ వెళ్లి బండెక్కేది. తోటి డ్రైవర్లు మొదట్లో గుసగుసలాడారు. తర్వాత ఆ వేళకి గది ఖాళీ చేసి, గుమ్మం బయట కాపలా నిలబడటం మొదలుపెట్టారు.

మొదటిసారి ఒక్క పిండమే తయారైంది. పెట్టారు. నిలవలేదు.

ఆ కబురు వచ్చిన మధ్యాహ్నం మిషనమ్మ పాతగుడ్డ ఒకటి మిషన్ కింద పెట్టి, ఎందుకు కుడుతోందో తెలియకుండా, కళ్లు తుడుచుకుంటూ కుడుతూ కూర్చుంది. కోడలు వచ్చి మిషన్ చక్రం మీద చెయ్యి వేసి ఆపింది.

"అత్తయ్యా, నేను చచ్చిపోయినట్టు ఏడవకండి. ఇక్కడే ఉన్నాను."

"నాకోసం కాదే, నీకోసం ఏడుస్తున్నా."

"నాకోసమైతే లేవండి. ఆకలేస్తోంది."

ఇద్దరూ వంటగదిలోకి వెళ్లి, గిన్నెలోంచే అన్నం తిన్నారు. తింటూ తింటూ కోడలు ఏడ్చింది. మిషనమ్మ ఆపమనలేదు. ఎంతసేపు ఏడ్చినా పక్కనే కూర్చుంది. రెండ్రోజుల తర్వాత కోడలు యూనిఫాం వేసుకుని వీధిలోకి నడుస్తుంటే, గుమ్మంలో నిలబడి, మలుపు తిరిగేదాకా చూసింది. ఆ నడకలో వంగుబాటు లేదు. యుద్ధం చేసి వచ్చినవాళ్లు కూడా అంత నిటారుగా నడవరని మిషనమ్మ వాదన.

కొన్నాళ్లు ఆగి, ఒళ్లు కుదుటపడ్డాక, రెండోసారికి వెళ్లారు. ఈసారి రెండు పిండాలు తయారయ్యాయి. ఒకదాన్ని పెట్టి, రెండోదాన్ని ల్యాబులోనే దాచారు. రక్తపరీక్ష ఫలితం వచ్చిన రోజు కోడలు ఫోను చేసింది. మిషనమ్మ "హలో" అనగానే, అటునుంచి ముక్కు ఎగబీల్చిన శబ్దం.

"ఏడుపా, నవ్వా? ఏదో ఒకటి చెప్పు!"

"నెల తప్పింది అత్తయ్యా."

మిషనమ్మ ఫోను పెట్టేసి, మేడ మెట్ల దగ్గరికి వెళ్లి, పైకి చూసి, ఏదో అనబోయి, మానుకుంది. లోపలికొచ్చి కూర్చుని, సగం కుట్టిన స్కూలు గౌనుని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు నిమిరింది. వచ్చేది వచ్చాక చెబుదాంలే అనుకుంది. తొమ్మిది నెలలూ ఆ నోరు అలాగే మూసుకుని ఉండటం తన జీవితంలోకెల్లా కష్టమైన పని అని ఇప్పుడు చెప్పుకుంటుంది.

డాక్టరమ్మ బస్సు నడపడం ఆపమంది. డిపో మేనేజరు కోడల్ని శిక్షణ విభాగానికి మార్చాడు. కొత్తగా చేరిన డ్రైవర్లకి గదిలో కూర్చుని పాఠాలు చెప్పే పని. చెబుతూ చెబుతూ, కడుపు పెద్దదవుతున్న కొద్దీ, ఆమె గొంతూ పెద్దదైంది. పాప పుట్టింది. ఆడపిల్ల, బొద్దుగా, గట్టిగా ఏడ్చే పిల్ల. ఏడుపు మొదటిసారి వినగానే మిషనమ్మ, "హారన్ బాగుంది" అంది.

సెలవు అయిపోయాక కోడలు శిక్షణ విభాగంలోనే ఉండిపోతుందని అందరూ అనుకున్నారు. ఆమె వారంలో మూడు రోజులు శిక్షణ, మూడు రోజులు బస్సు అడిగి తీసుకుంది.

ఆ ఏడాది డిపోలో ఒకేసారి ఎక్కువమంది ఆడపిల్లలు డ్రైవర్లుగా చేరారు. మొదటి రోజు వాళ్లతో కోడల్ని మాట్లాడమన్నారు. పాపని ఎత్తుకుని మిషనమ్మ కూడా వెళ్లి, వెనక బెంచీలో కూర్చుంది. కోడలు అద్దాలు ఎలా చూడాలో, పెద్దవాళ్లు ఎక్కితే ఎంతసేపు ఆగాలో, బండి ఆపేటప్పుడు ఏ పని తర్వాత ఏ పని చేయాలో చెప్పింది. తర్వాత బోర్డు ముందునుంచి పక్కకొచ్చి, కాస్త ఆగి అంది.

"ఇంకో సంగతి. ఇది పాఠంలో లేదు. నెలనెలా పనిచేయలేనంత నొప్పి వస్తుంటే, ఎవరు అందరికీ ఉండేదే అన్నా నమ్మకండి. ఆడవాళ్ల డాక్టరుకి చూపించుకోండి. నేను పదిహేనేళ్లు నమ్మాను. పదిహేనేళ్లు అనవసరంగా పళ్లు కొరుక్కున్నాను. ఆపరేషన్ అయ్యాక నొప్పి పోయింది. పాప తర్వాత వచ్చింది. పాప రాకపోయినా, నేను ఇదే మాట ఇలాగే చెప్పేదాన్ని."

మగవాళ్లు కూర్చున్న వైపు ఎవరో దగ్గారు. మేనేజరు చూపు కిందికి దించుకున్నాడు. కోడలు మాత్రం గొంతు తగ్గించలేదు, తల దించలేదు. ఆఫీసుల వేళ బస్సులో 'ముందుకు జరగండి' అన్నంత మామూలుగా చెప్పింది.

వెనక బెంచీలో మిషనమ్మ పక్కన కూర్చున్న కొత్తపిల్ల ఒకతె, చేతిలో టోపీని నలుపుతూ, మెల్లగా అడిగింది. "పెద్దమ్మా, ఆవిడ ఎవరో తెలుసా మీకు?"

మిషనమ్మ పాపని ఈ భుజం మీదనుంచి ఆ భుజం మీదకి మార్చుకుంది.

"మా కోడలు" అంది. తర్వాత ఆ పిల్ల మొహంలోకి చూసి, ఎప్పుడూ చెప్పే మిగతా కథంతా మింగేసుకుని, "నీకూ నొప్పి వస్తుందా అమ్మా?" అని అడిగింది.

ఆ పిల్ల తలూపింది.

"క్లాసవగానే వెళ్లి దానితో మాట్లాడు. భయపడకు. ఆసుపత్రికి ఒక్కదానివే వెళ్లలేకపోతే నేను తోడొస్తాను. నాకు ఆ డాక్టరమ్మ బాగా తెలుసు."